స్కాట్లాండ్‌లో ఒక్క డిస్టిలరీకే సమయం ఉంటే ఏది చూడాలి?

ప్రశ్న: మాది హనుమకొండ, సుబేదారి. దసరా అయిపోయినంక అక్టోబర్‌లో ఎడిన్‌బరాలో ఉన్న మా బిడ్డ దగ్గరికి పది రోజులకు పోతున్నం. నేను, మా ఆవిడ, మా బామ్మర్ది. నాకు 62 ఏళ్లు, ఎడమ మోకాలు కొంచెం సతాయిస్తది. ఇన్నేళ్లు విస్కీ సోడా కలుపుకొని తాగుడే తప్ప అది ఎట్లా తయారైతదో చూడలేదు. ఈసారి ఒక డిస్టిలరీ చూడాలని ఉంది. ఒక రోజు, మహా అయితే రెండు రోజులు దొరుకుతయ్. కారు మా అల్లుడే నడుపుతడు. ఆరేళ్ల మనవడు కూడా వెంట ఉంటడు. మా ఆవిడ తాగదు. దోస్తులు ఒకరు మకాలన్ అంటరు, ఒకరు గ్లెన్‌ఫిడిక్ అంటరు, ఇంకొకరు ఐలా దీవికి పోకుంటే స్కాట్లాండ్ పోయి దండుగ అంటరు. మా బామ్మర్దేమో గోవాలోనే ఒకటి ఉంది, అంత దూరం ఎందుకు అంటడు. ఏది చూడమంటరు? సీసాలు ఎన్ని తెచ్చుకోవచ్చు?

జవాబు: మీకున్నది ఒక్క రోజే అనుకుంటే డీన్‌స్టన్‌కు వెళ్లండి. రెండో రోజు కూడా దొరికితే పిట్లాక్రీ ఊళ్లోని బ్లెయిర్ అథోల్‌కు రైల్లో వెళ్లిరండి. మకాలన్, గ్లెన్‌ఫిడిక్, ఐలా ఈ ట్రిప్పులో వద్దు. అవి మంచివి కావని కాదు. ఎడిన్‌బరా నుంచి పొద్దున బయల్దేరి సాయంత్రానికి ఇల్లు చేరే దూరంలో లేవు.

మీ దోస్తులు చెప్పినవన్నీ సీసా మీది పేర్లు. తాగడానికి సీసా పేరు చూసుకోవచ్చు గానీ, చూడడానికి వెళ్లేటప్పుడు లెక్క వేరు. మీరు దిగిన ఊరి నుంచి ఎంత దూరం, మీరు వెళ్లిన రోజు అక్కడ పని నడుస్తుందా లేదా, మీతో వచ్చేవాళ్లలో ఎవరిని లోపలికి రానిస్తారు, ఈ మూడే చూడాలి. స్కాచ్ సింగిల్ మాల్ట్, అంటే ఒకే డిస్టిలరీలో మొలకెత్తించిన బార్లీతోనే చేసిన విస్కీ, ఎక్కడైనా ఒకే పద్ధతిలో తయారవుతుంది. మొలకెత్తించిన బార్లీ (దీన్నే మాల్ట్ అంటారు), నీళ్లు, ఈస్ట్, రాగి బట్టీ, ఓక్ చెక్క పీపా, తక్కువలో తక్కువ 3 ఏళ్లు. పేరు పెద్దదైతే లోపల కొత్తగా కనిపించేది ఏమీ ఉండదు. గుంపు పెద్దదవుతుంది, టికెట్ ధర పెరుగుతుంది, అంతే.

దూరాల సంగతి. గ్లెన్‌ఫిడిక్, మకాలన్ రెండూ స్పే నది లోయలో ఉన్నాయి. ఎడిన్‌బరా నుంచి కారులో మూడున్నర గంటలు, మధ్యలో మనవడి కోసం ఆగితే నాలుగు. పోయిరావడానికే ఏడెనిమిది గంటలు పడితే మిగిలేది గంటన్నర. అక్కడికి వెళ్లేవాళ్లు డఫ్‌టౌన్‌లో ఒక రాత్రి ఉండాలి. అలా ఉండగలిగితే గ్లెన్‌ఫిడిక్‌తోపాటు దగ్గర్లోని క్రెయిగెలకీలో పీపాలు బాగుచేసే స్పేసైడ్ కూపరేజ్‌ను తప్పక చూడాలి. సుత్తెలతో ఇనుప పట్టీలు బిగించే ఆ పని చాలా డిస్టిలరీల్లో కనిపించదు.

ఐలా ఇంకా దూరం. కెన్నాక్రెయిగ్ రేవు దాకా కారులో మూడున్నర, నాలుగు గంటలు. అక్కడి నుంచి పడవలో రెండు గంటల పైన. అక్టోబర్‌లో అట్లాంటిక్ గాలులు మొదలవుతాయి, పడవలు రద్దవడం మామూలే. దీవిలో చిక్కుకుంటే ఎడిన్‌బరాలో విమానం తప్పుతుంది. ఐలాకు వెళ్లాలంటే అక్కడ రెండు రాత్రులు, ఈవల ఒక రోజు ఖాళీ పెట్టుకోవాలి. మీ పది రోజుల్లో మూడు రోజులు దానికే పోతాయి. ఐలా విస్కీలో పొగ వాసన ఎలా ఉంటుందో తెలుసుకోవాలనుకుంటే ఎడిన్‌బరా రాయల్ మైల్‌లోని స్కాచ్ విస్కీ ఎక్స్‌పీరియన్స్‌లో ఒక గ్లాసు రుచి చూడండి. అది డిస్టిలరీ కాదు, ప్రదర్శనశాల. ప్రిన్సెస్ స్ట్రీట్‌లో జానీ వాకర్ పేరుతో ఉన్న పెద్ద భవనం కూడా అంతే. వాటిని చూసి డిస్టిలరీ చూశామనుకుని వచ్చేవాళ్లు చాలామంది. అక్కడ బట్టీ వెలగదు.

మరి ఎడిన్‌బరాకు దగ్గర్లోనే ఉన్న గ్లెన్‌కించీ ఎందుకు వద్దంటే, వద్దనేమీ కాదు. 1837 నాటిది, నగరం నుంచి 25 కిలోమీటర్లే. వాన పడ్డా, మనవడికి జ్వరం వచ్చినా పూట పని. 1920ల్లో లండన్ వెంబ్లీ ప్రదర్శన కోసం చేసిన డిస్టిలరీ నమూనా అక్కడ ఉంది, అది బాగుంటుంది. ఆవిరిని చల్లార్చడానికి ఇప్పటికీ నీళ్ల తొట్టిలో చుట్టలు చుట్టిన రాగి గొట్టాలే వాడతారు. దాన్ని రెండో మార్గంగా పెట్టుకోండి.

డీన్‌స్టన్‌ను ముందు పెట్టడానికి కారణం మీరు వరంగల్ వాళ్లు కావడమే. అది ఒకప్పుడు బట్టల మిల్లు. టీత్ నది ఒడ్డున 1785లో నూలు వడకడానికి కట్టారు. 1960ల్లో మిల్లు మూతపడ్డాక అదే భవనాన్ని డిస్టిలరీగా మార్చారు. మిల్లు చక్రాలను తిప్పిన నది నీరే ఇప్పుడు టర్బైన్లను తిప్పి కరెంటు ఇస్తోంది. మిగిలింది గ్రిడ్‌కు అమ్ముతారు. నేత షెడ్డుకు కమానుల పైకప్పు. పొడిగాలిలో పోగు తెగుతుంది కాబట్టి నేతశాలలో చల్లదనం, తేమ ఉండాలి. విస్కీ పీపాలకూ అవే కావాలి. అందుకే మగ్గాలు పోయిన చోట పీపాలు వచ్చి కూర్చున్నాయి. 1934లో మొదలై 2002లో మూతపడ్డ మన ఆజంజాహి మిల్లును చూసిన కళ్లతో ఆ షెడ్డులో నిలబడితే గైడు చెప్పేదానికన్నా మీకు ఎక్కువే అర్థమవుతుంది.

పనిపరంగానూ అది మంచి ఎంపిక. బార్లీ పిండిని నానబెట్టే ఇనుప తొట్టికి మూత ఉండదు, లోపల ఏం జరుగుతోందో నేరుగా కనిపిస్తుంది. చాలా కొత్త డిస్టిలరీల్లో మూసేసిన స్టీలు తొట్టి, చిన్న గాజు కిటికీ మాత్రమే ఉంటాయి. నాలుగు రాగి బట్టీలు ఒకే గదిలో వరుసగా ఉంటాయి. పొగ పట్టించని మాల్ట్ వాడతారు, కాబట్టి సోడాతో అలవాటైన నాలుకకు మొదటి గుక్క బెదిరించదు. సీసాలో పోసేది 46.3 శాతం ఆల్కహాల్‌తో, చలిలో వడగట్టకుండా. ఐసు ముక్క వేస్తే మసకబారుతుంది. కల్తీ అని కంగారు పడకండి, వడగట్టని కొవ్వు ఆమ్లాలు చల్లబడి అలా కనిపిస్తాయి.

ఎడిన్‌బరా నుంచి కారులో 70 కిలోమీటర్ల పైచిలుకు, గంట నుంచి గంటంబావు. రైల్లో అయితే డన్‌బ్లేన్‌లో దిగి టాక్సీ. పక్కనే డూన్ అనే చిన్న ఊరు, అందులో 14వ శతాబ్దపు కోట. మనవడి సమస్య అక్కడ తీరుతుంది. యంత్రాలున్న గదుల్లోకి చిన్నపిల్లలను రానివ్వకపోవడం స్కాట్లాండ్ అంతటా ఉన్నదే. కొన్నిచోట్ల 8 ఏళ్లు నిండాలి, కొన్నిచోట్ల 18. ఆరేళ్ల పిల్లాడిని ఎక్కడా నమ్ముకోకండి. మీరు, బామ్మర్ది లోపలికి వెళ్తే మీ ఆవిడ, మనవడు, బిడ్డ కోట చూసుకుంటారు. అక్టోబర్ నుంచి అక్కడ చారిత్రక కట్టడాలు తొందరగా మూసేస్తారు కాబట్టి పొద్దుటి టూరే తీసుకోండి. మీ ఆవిడ కూడా తయారీ చూడాలనుకుంటే నిస్సంకోచంగా తీసుకెళ్లండి. తాగనివాళ్లు టూరుకు వెళ్లడం అక్కడ వింతేమీ కాదు. ఆమె వాటా గ్లాసును మీకు ఇప్పించుకోవడానికి మాత్రం చూడకండి, చిన్న సీసాలో పోసి ఇవ్వమంటే ఇస్తారు.

ఇప్పుడు బుకింగ్. తెలియక చేసే పొరపాట్లన్నీ ఇక్కడే. అక్టోబర్‌లో స్కాట్లాండ్ బడులకు సెలవులు ఉంటాయి, ఆ వారాల్లో జాగా ఉండదు. మూడు నాలుగు వారాల ముందే తీసుకోండి. శని, ఆదివారాలు వద్దు. చిన్న, మధ్యరకం డిస్టిలరీల్లో వారాంతం పని ఆగుతుంది. టూరు మాత్రం నడుస్తుంది, టికెట్ ధరా తగ్గదు, మీరు చల్లబడ్డ రాగి పాత్రలు చూసి వస్తారు. మంగళ, బుధ, గురువారాల్లో ఏదో ఒకటి పెట్టుకోండి. అక్కడి ఎండాకాలంలో, ముఖ్యంగా జులై, ఆగస్టుల్లో మరమ్మతుల కోసం కొన్ని వారాలు ఉత్పత్తి ఆపేసే ఆనవాయితీ ఉంది. మీరు అక్టోబర్‌లో వెళ్తున్నారు కాబట్టి మామూలుగా ఆ బాధ లేదు, కానీ మరమ్మతు ఎప్పుడైనా రావచ్చు. అందుకే డబ్బు కట్టే ముందు మీ బిడ్డతో ఒక మెయిల్ రాయించండి: ఫలానా తేదీన, ఫలానా గంటకు స్టిల్స్ (బట్టీలు) నడుస్తుంటాయా; ఆరేళ్ల పిల్లాడిని ఎంతవరకు రానిస్తారు; ఇనుప మెట్లు ఎన్ని, మోకాలు నొప్పి ఉన్నవాళ్లకు వేరే దారి ఉందా; కారు నడిపేవాళ్ల గ్లాసును సీసాలో కట్టిస్తారా. స్టిల్స్ నడవవు అని జవాబు వస్తే తేదీ మార్చండి, మొహమాటం వద్దు.

మామూలు టూరు గంట నుంచి గంటంబావు, చివర రెండు మూడు రకాలు రుచి చూపిస్తారు. చాలాచోట్ల మనిషికి సుమారు 20 నుంచి 30 పౌండ్లు. వెబ్‌సైట్‌లో దాని పక్కనే పీపాల గోదాములో నేరుగా పీపా నుంచి తీసి పోసే టూరు ఒకటి ఊరిస్తుంది. మొదటిసారి అది వద్దు. పీపా నుంచి తీసింది 55 నుంచి 60 శాతం ఉంటుంది. మీకు అలవాటైన 42.8 శాతం, అదీ సోడా కలిపింది. రెండో గ్లాసుకే నాలుక మొద్దుబారి, మూడోది, నాలుగోది తేడా తెలియదు.

మెట్ల గురించి. ఇవి కర్మాగారాలు, మ్యూజియాలు కావు. మెట్లు ఇనుప జాలీవి, కింద నేల కనిపిస్తుంది, కొన్నిచోట్ల నిటారుగా ఉంటాయి. మడమ బూట్లు, చెప్పులు, చీర కుచ్చిళ్లు మూడూ ఇబ్బందే. మడమ లేని మూసిన బూట్లు వేసుకోండి. బట్టీల గదిలో ఉక్క, గోదాములో చలి. స్వెటర్ తీసి చేతిలో పట్టుకునేలా ఉండాలి. ఆల్కహాల్ ఆవిరి ఉండే గదుల్లో ఫోన్ ఆఫ్ చేయమంటారు, ఫోటోలు వద్దంటారు. నిప్పురవ్వ భయం. వాట్సాప్ స్టేటస్ బయటికొచ్చాక పెట్టుకోవచ్చు.

లోపల ఏం చూడాలో ముందే తెలిసి ఉంటే యాస ఇంగ్లీషులో గైడు చెప్పేది సగం తప్పిపోయినా నష్టం లేదు.

మొదట మర. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని మెత్తటి పిండిలా కాకుండా రవ్వలా ఆడిస్తారు. సుమారుగా 20 శాతం పొట్టు, 70 శాతం రవ్వ, 10 శాతం పిండి. గైడు చేతిలో వేస్తే వేళ్ల మధ్య నలిపి చూడండి. పొట్టు ఎందుకుంచారు అంటే, తర్వాతి తొట్టిలో అదే జల్లెడ. పిండి ఎక్కువైతే అడుగున బంకలా పట్టి నీరు దిగదు, పొట్టు ఎక్కువైతే తీపి సరిగా దిగకుండానే నీరు జారిపోతుంది.

తర్వాత నానబెట్టే తొట్టి. మొదటి నీళ్లు 63, 64 డిగ్రీల వేడి. ఆ వేడిలోనే బార్లీలోని ఎంజైములు పిండిపదార్థాన్ని చక్కెరగా మారుస్తాయి. ఇంకా వేడిగా పోస్తే అవి చచ్చిపోతాయి. రెండో నీళ్లు 75 దగ్గర, మూడో నీళ్లు 80 దాటి. చివరిది మిగిలిన తీపిని కడిగి తీయడానికే, దాన్ని తర్వాతి విడతకు మొదటి నీళ్లుగా వాడతారు. మిగిలిన పిప్పి పశువుల దాణాకు పోతుంది.

మూడోది పులియబెట్టే పెద్ద తొట్లు. కొన్నిచోట్ల చెక్కవి, కొన్నిచోట్ల స్టీలువి. ఈస్ట్ వేసి 48 గంటల నుంచి 100 గంటల దాకా ఉంచుతారు. ఎంతసేపు అన్నది అడగండి, ఆ ఒక్క జవాబుతో ఆ విస్కీ గుణం సగం తెలుస్తుంది. తక్కువ గంటలైతే గింజ రుచి, ఎక్కువైతే పండ్ల వాసన. చివరికి తయారయ్యేది 8 శాతం దగ్గరి బీరులాంటి నీళ్లు. మూత తీసి వాసన చూడమంటారు. తల లోపల పెట్టకండి. లోపల నిండా కార్బన్ డయాక్సైడ్, ముక్కులో సూదులు గుచ్చినట్టవుతుంది. ఆస్తమా ఉంటే దూరంగానే నిలబడండి. చేత్తో గాలిని ముక్కు వైపు విసురుకుంటే చాలు.

ఇక బట్టీలు. ఉట్నూరు వైపు గూడేల్లో ఇప్పపువ్వు సారా వండడం చూసి ఉంటే సూత్రం మీకు తెలిసిందే. పులిసిన నీళ్లు కాగుతాయి, ఆవిరి లేస్తుంది, చల్లటి నీళ్లు తగిలి మళ్లీ ద్రవమై కారుతుంది. అక్కడ కుండ, ఇక్కడ వేల లీటర్ల రాగి పాత్ర. రాగి అందం కోసం కాదు, అది ఆవిరిలోని గంధకపు వాసనను పట్టేస్తుంది. అందుకే రాగి లోపలి వైపు ఏళ్లతరబడి అరిగి, పలకలు మార్చాల్సి వస్తుంది. మెడ ఎంత పొడుగు, పైనుంచి పక్కకు పోయే గొట్టం పైకి వాలిందా కిందికి వాలిందా చూడండి. మెడ పొడుగై, గొట్టం పైకి వాలితే బరువైన ఆవిరి మళ్లీ కిందికే జారుతుంది, తేలికైన సరుకు వస్తుంది. పొట్టి మెడ, కిందికి వాలిన గొట్టం అయితే చిక్కటి, నూనె గుణమున్న సరుకు.

మొదటి బట్టీ నుంచి 20 నుంచి 25 శాతం వస్తుంది. దాన్ని రెండో బట్టీలో మళ్లీ కాచినప్పుడే అసలు పనితనం. ముందుగా వచ్చేది ఘాటు, పనికిరాదు. చివర వచ్చేది తడిసిన అట్ట వాసన, అదీ పనికిరాదు. మధ్యలో, సుమారు 75 శాతం నుంచి 60 శాతం దాకా దిగే భాగాన్నే విడిగా పట్టుకుంటారు. ముందు, వెనక భాగాలను పారబోయకుండా తర్వాతి విడతలో కలుపుతారు. ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ఆపాలన్నది ఒక్కో డిస్టిలరీ సొంత నిర్ణయం. గాజు తలుపులున్న ఇత్తడి పెట్టె ఒకటి కనిపిస్తుంది, సారా అంతా దానిగుండానే పారుతుంది. ఒకప్పుడు దాని తాళం ఎక్సైజు అధికారి చేతిలో ఉండేది. పన్ను కట్టకుండా ఒక్క చుక్క కూడా బయటికి పోకుండా. ఎక్సైజు వాళ్ల ముచ్చట ఎక్కడైనా అదే. మొత్తానికి ఒక టన్ను మాల్ట్ నుంచి సుమారు 400 లీటర్ల శుద్ధ ఆల్కహాల్ దక్కుతుంది.

బట్టీ నుంచి వచ్చింది నీళ్లలాగే తెల్లగా ఉంటుంది. రంగు, రుచిలో చాలా భాగం పీపాదే. సాధారణంగా 63.5 శాతానికి నీళ్లు కలిపి పీపాల్లో నింపుతారు. అమెరికా బర్బన్ విస్కీ పోసిన పీపా 200 లీటర్లు, స్పెయిన్ షెర్రీ వైన్ పీపా 500 లీటర్లు. పీపా చిన్నదైతే చెక్క గుణం తొందరగా దిగుతుంది. ఏటా సుమారు 2 శాతం చెక్క రంధ్రాల్లోంచి గాలిలో కలిసిపోతుంది. మీ బామ్మర్ది గోవా వాదానికి జవాబు కూడా ఇక్కడే ఉంది, అది కింద చెబుతాను.

రుచి చూసే గదిలోకి వెళ్లే ముందు కడుపులో ఏదైనా ఉండాలి. పులిహోర కట్టుకెళ్తే భేషుగ్గా సరిపోతుంది, కానీ ఆవకాయ, వెల్లుల్లి కారం ఆ పూట ఆపండి. జర్దా పాన్, పుదీనా బిళ్ల, అత్తరు కూడా. ముక్కు పనిచేయకపోతే 25 పౌండ్లు కట్టి ఏమీ తెలియకుండా తాగినట్టే. పోసేది తక్కువే ఉంటుంది, మన నైంటీ లెక్క మరిచిపోండి. అక్కడి బార్‌లో కూడా ఒక కొలత అంటే 25 లేదా 35 మిల్లీలీటర్లే. గ్లాసు ముక్కుకు ఆనించకుండా, నోరు కొంచెం తెరిచి వాసన చూడండి. నోరు మూసుకుని గట్టిగా పీలిస్తే ఘాటు తప్ప ఇంకేమీ తెలియదు. మొదటి గుక్క ఉత్తదే, చిన్నది, నాలుకంతా తడిసేలా. తర్వాత నాలుగైదు చుక్కల నీళ్లు కలిపి మళ్లీ చూడండి, వాసన విచ్చుకుంటుంది. సోడా అడిగితే ఎవరూ నవ్వరు, కాకపోతే ఈ రెండు గుక్కలూ అయ్యాక అడగండి. నచ్చనిది వదిలేయవచ్చు, పారబోయడానికి గిన్నె పెడతారు. రోజుకు ఒక్క డిస్టిలరీ చాలు. రెండోది చేరేసరికి మళ్లీ అవే మర, తొట్టి, బట్టీ. ముక్కు అప్పటికే అలసిపోయి ఉంటుంది.

మీ అల్లుడి సంగతి కచ్చితంగా చెప్పాలి. బండి నడిపేవాడి రక్తంలో ఉండగల ఆల్కహాల్‌ను స్కాట్లాండ్ 2014 డిసెంబర్‌లో 100 మిల్లీలీటర్లకు 50 మిల్లీగ్రాములకు తగ్గించింది. ఇంగ్లాండ్‌లో అప్పటికి 80. మన దేశంలో 30. ఏ గ్లాసుకు ఎంత ఎక్కుతుందో మనిషిని బట్టి మారుతుంది కాబట్టి లెక్కలు కట్టే పని పెట్టుకోవద్దు. అల్లుడు వాసన చూసి గ్లాసు పక్కన పెట్టాలి. డ్రైవర్ వాటాను చిన్న సీసాల్లో పోసి ఇచ్చే పద్ధతి చాలా డిస్టిలరీల్లో ఉంది, బుకింగ్‌లోనే చెబితే సిద్ధంగా ఉంచుతారు. మామగారు బలవంతం చేస్తే అల్లుడు కాదనలేడు, అందుకే ఈ మాట మీకు చెబుతున్నాం. దావత్ ఇంటికొచ్చాక.

ఈ చిక్కు లేకుండా ఉండాలనే రెండో రోజుకు పిట్లాక్రీ చెప్పింది. ఎడిన్‌బరా నుంచి రైలు రెండు గంటల లోపు. స్టేషన్ నుంచి బ్లెయిర్ అథోల్ నడిచి వెళ్లే దూరం, నెమ్మదిగా నడిచినా పావుగంట, ఇరవై నిమిషాలు. 1798లో మొదలైన డిస్టిలరీ. అల్లుడు కూడా నిశ్చింతగా గ్లాసు పట్టుకోవచ్చు. అక్టోబర్‌లో ఆ దారిలో చెట్ల ఆకులు ఎర్రబారి ఉంటాయి, మీ ఆవిడకు డిస్టిలరీ కన్నా రైలు ప్రయాణమే నచ్చవచ్చు. తిరుగు రైలు వేళ ముందే చూసుకోండి, నగరాల మధ్య నడిచే రైళ్లంత తరచుగా ఉండవు.

సీసాలకు వద్దాం. భారత్‌కు వచ్చే ఒక్కో పెద్ద మనిషి సుంకం లేకుండా 2 లీటర్ల మద్యం తేవచ్చు. బ్రిటన్‌లో సీసా 700 మిల్లీలీటర్లు. అంటే మూడు సీసాలు 2.1 లీటర్లు, వంద మిల్లీలీటర్లు ఎక్కువ. కౌంటర్ దగ్గర చిక్కుకునేది ఇక్కడే. రెండు 700 సీసాలు, ఒక 500 సీసా తీసుకుంటే 1.9, లెక్కలో ఉంటుంది. మీ ముగ్గురికీ ఎవరి 2 లీటర్లు వాళ్లవే. కలిపి 6 లీటర్లు ఒకరి పెట్టెలో వేస్తే ఒప్పుకోరు. మీ ఆవిడ వాటా ఆమె పెట్టెలో, బిల్లు విడిగా ఉండాలి. విమానంలో 24 నుంచి 70 శాతం మధ్య ఉన్నవి మనిషికి 5 లీటర్ల వరకే, 70 దాటినవి అసలు ఎక్కనివ్వరు.

డిస్టిలరీలో కొన్న సీసాలను చెక్‌ఇన్ పెట్టెలో, మధ్యలో, బట్టలు చుట్టి పెట్టండి. చేతి సంచిలో పెడితే దారిలో విమానం మారే చోట తనిఖీలో ఆపేయవచ్చు. దుబాయ్‌లోనో దోహాలోనో విమానం మారేవాళ్లు డ్యూటీఫ్రీ సంచి సీలు శంషాబాద్ దాకా విప్పకూడదు, రసీదు లోపలే ఉండాలి.

ఏది కొనాలి అన్నది ఇంకో లెక్క. బ్రిటన్‌లో పర్యాటకులకు వ్యాట్ వాపసు 2021 జనవరి నుంచి లేదు. డిస్టిలరీ దుకాణంలో అక్కడి పన్నులన్నీ కడుతున్నారన్నమాట. అందరికీ దొరికే 12 ఏళ్ల సీసాను అక్కడ కొని మోసుకురావడం దండుగ, విమానాశ్రయంలో తక్కువకే దొరకవచ్చు. డిస్టిలరీలో తప్ప ఇంకెక్కడా అమ్మని సీసా ఒక్కటి తీసుకోండి. మిగతా కోటా శంషాబాద్‌లో దిగాక చూసుకోవచ్చు. ఇంకోటి, స్కాట్లాండ్ దుకాణాల్లో మద్యం పొద్దున 10 నుంచి రాత్రి 10 వరకే అమ్ముతారు. తెల్లవారుజామున విమానమైతే ముందురోజే కొనాలి.

ఇంటికి తెచ్చాక సీసాను నిలబెట్టే ఉంచండి. వైన్‌లా పడుకోబెడితే ఘాటు ఆల్కహాల్ బిరడాను తినేస్తుంది. మన మే నెల ఎండలకు షోకేసు చోటు కాదు, చీకటి బీరువా మేలు. సగం ఖాళీ అయిన సీసాను ఏళ్లపాటు దాచకండి, గాలి తగిలి రుచి చప్పబడుతుంది.

ఇక బామ్మర్ది మాట. అది కొట్టిపారేసేది కాదు. దక్షిణ గోవాలో మడ్‌గావ్‌కు కిందుగా కుంకోళిం‌లో పాల్ జాన్ డిస్టిలరీ ఉంది, సందర్శకులకు టూర్లు నడుపుతుంది. మన దగ్గర మామూలుగా దొరికే విస్కీల్లో చాలావాటికి మూలం చెరకు మొలాసిస్ సారా, వాటిని ఐరోపాలో విస్కీ అని అమ్మనివ్వరు. పాల్ జాన్, బెంగళూరు అమృత్ అలాంటివి కావు, బార్లీతో రాగి బట్టీల్లో చేసిన సింగిల్ మాల్ట్‌లు. అమృత్ 2004లో తన సింగిల్ మాల్ట్‌ను మొదట విడుదల చేసింది గ్లాస్గోలోనే. తేడా అంతా వేడిలో ఉంది. స్కాట్లాండ్‌లో పీపా ఏటా 2 శాతం కోల్పోతే బెంగళూరులో పది శాతం పైనే. పదేళ్లు ఉంచితే పీపాలో మిగిలేది మూడోవంతు. అందుకే మన మాల్ట్‌లు నాలుగైదేళ్లకే సీసాకెక్కుతాయి, చెక్క గుణం ఆలోపే దిగిపోతుంది. పన్నెండేళ్లు, పద్దెనిమిదేళ్లు అన్న అంకెతో ఇక్కడి సరుకును తూచడం అందుకే కుదరదు.

కాబట్టి గోవాను స్కాట్లాండ్‌కు బదులుగా కాక, తర్వాత చూసేదిగా పెట్టుకోండి. చల్లటి నేత షెడ్డులో పీపా చూసి వచ్చాక ఉక్కపోసే గోదాములో పీపా చూస్తేనే తేడా కనిపిస్తుంది. గోవా టూరుకూ ముందుగా బుక్ చేసుకునే వెళ్లాలి. బీచ్ నుంచి నేరుగా ఆటో ఎక్కి వెళ్తే గేటు దగ్గరే ఆపేయవచ్చు.